రెడాక్సైడు లారీ

అరచేతిలో పట్టే లారీలు నావి,
నూటా పదిహేడు.
గుత్తి డీజిల్ షెడ్డులో ముప్పై రెండేండ్లు
ఇంజన్లకు రంగేసినోణ్ణి.
రిటైరైనాక గుంతకల్లు ఇంట్లో
అగ్గిపెట్టెంత బండ్లు ముందరేసుకుని కూచుంటే
కోడలు నవ్వుతాది,
"అన్నీ ఒకటే లారీ గదా మామా" అని.

తిప్పి చూడమ్మా.
దీని చక్రాలు బూడిదరంగు, దానివి నలుపు.
దీని అడుగురేకుకు రివిట్టు గుండ్రం,
దానిది పగిలిన శెనక్కాయ తొక్క మాదిరి చీలింది.
ఈ పాలబండికి అద్దం పచ్చన,
తక్కిన పాలబండ్లన్నిటికీ తెలుపు.

ఎందుకో ఏ పుస్తకంలోనూ రాయలా. నేను జెప్తా.
సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో
షిఫ్టు అయిపోయే యాళకు
డబ్బాలో రంగు అడుగంటింది.
స్టోరుకు తాళమేసినారు.
"పక్క డబ్బా ఎత్తుకో, ఎవడు చూస్తాడు"
అన్నాడు మేస్త్రీ.
నేనూ ఒకసారి
ఇంజను మూతికి నీలం చాలక
రెండు మూరల మందాన ముదురు నీలం లాగేసినా.
అది మద్రాసు దాకా పోయి తిరిగొచ్చింది,
ఒక్కరూ అడగలా.

పింఛన్లో మిగిల్చి నేను కొనేది
ఆ అలిసిపోయిన పది నిమిషాలనే.
నోటుబుక్కులో గడులు గీసుకున్నా:
నంబరు, రంగు, చక్రం, రివిట్టు,
చివర్న, రంగేసినోడు.
ఆ గడిలో నూటా పదిహేడు అడ్డగీతలు.

మొన్న ఆదివారం తాడిపత్రి రసూలు వచ్చినాడు,
పాత తాళాలు, పాత గడియారాలు అమ్ముకునే మనిషి.
జేబులోంచి గుడ్డమూట తీసి
పొద్దుటూరు బంగారమంగట్లో మాదిరి
మెల్లగా విప్పినాడు.
"ఓబులేసన్నా, ఈ లారీ లోకంలో అంతా ఆకుపచ్చ.
ఇదొక్కటే ఎరుపు.
బెంగుళూరాయన పద్దెనిమిది వేలంటాన్నాడు."

భూతద్దం పెట్టినా.
చక్రాలు బూడిద. రివిట్టు ముట్టనిది.
అడుగున ఇంగ్లాండు పేరు చెక్కుచెదరలా.
తలుపు కింద మాత్రం
ఒక ఎంట్రుక, రంగులో ఇరుక్కుని ఎండిపోయింది.
ఫ్యాక్టరీలో రంగు చిమ్ముతారు, కుంచె పట్టరు.
ముక్కు దగ్గర పెట్టుకున్నా.
అరవై ఏండ్లకు వాసనేముంటాది?
అయినా వచ్చింది.

రెడాక్సైడు.
గూడ్సు డబ్బాలకు కొట్టేది.
కిటికీ కమ్ములకని మా నాయన
టిఫిను క్యారియరు పైగిన్నెలో తెచ్చినాడు ఒక గుక్కెడు.
నాకప్పుడు పదకొండు.
క్వార్టర్లలో డ్రైవరు దొర కొడుకు డెస్మండు
వాళ్లత్త పంపిన ఆకుపచ్చ లారీ నా ముందర పెట్టి
"ఇది మిలిటరీది, నాకొద్దు,
మీ గూడ్సు మాదిరి చెయ్యి" అన్నాడు.
మేక తోక ఎంట్రుకలు పుల్లకు కట్టినా.
ఇద్దరం బొగ్గు కుప్ప చాటున కూచున్నాం.
గంటలో ఆరిపోయింది, మా ఎండ సంగతి తెలుసు గదా.
రాత్రి నాయన గిన్నె చూసి బెల్టు తీసినాడు.
ఆ ఏడే వాళ్లు మంచాలతో సహా వేలమేసి
పడవెక్కినారు.

"రసూలూ, ఇది ఫ్యాక్టరీది గాదు.
నేనేసిందే" అన్నా.
వాడు పొట్ట పట్టుకుని నవ్వినాడు,
"ధర దించేదానికి
ఎన్ని కతలు జెప్తావన్నా!"
ఆరు వేలకు బేరం తెగింది.
టీ తాగి పోతా పోతా
బెంగుళూరాయనకు ఏం జెప్పాల్నో నన్నే అడిగినాడు.

రాత్రి నోటుబుక్కు తీసినా.
నూటా పద్దెనిమిది. రెడాక్సైడు. బూడిద. గుండ్రం.
చివరి గడి కాడ పెన్ను ఆగింది.
రంగు పూసింది నేనే.
తడి ఆరేదాకా
నాలుగు చక్రాలనూ ఏళ్లతో మూసి పట్టుకున్నది డెస్మండు,
అందుకే వాటికి ఒక్క చుక్క అంటలా.
రెండు పేర్లూ రాసినా.
గడి చాలక
పక్క పేజీలోకి పోయినాయి.