రెండో తాపు

హన్మకొండల మున్సిపల్ కొలను. పొద్దున ఐదున్నర.
నాలుగో లేన్ల నేను
ఇరవై ఐదు మీటర్ల దాక సీతాకోకచిలుకను,
ఆ తర్వాత
వానకు తడిసిన పత్తి బోరెం.

యాకయ్య సార్ గట్టు మీద గొంతుక్కూసున్నడు.
సార్ అరవడు. విజిల్ మెడల ఉంటది, నోట్ల ఉండదు.
"ఒక్కసారి చేతులేస్తే ఎన్ని తాపులు?"
"రెండు సార్."
"నువ్వు ఒకటే తంతున్నవ్.
రెండోది మనసుల తంతున్నవ్."

ఫోన్ల వీడియో చూపిండు.
నేననుకున్న నేను వేరు, నీళ్లల్ల ఉన్నది వేరు.
తల ఎత్తి, గడ్డం ఎత్తి, సగం ఛాతి ఎత్తి
ఇంత ఊపిరి కోసం అంత నోరు తెరుస్తున్న.
తల లేస్తే నడుము మునుగుతది,
నడుము మునిగితే కాళ్లు చెడిపోయిన బండి.
చేతులొక్కటే, పాపం,
ఇంటిల్లిపాదికీ సంపాదిస్తున్నయి.

"గడ్డం నీళ్లను రాసుకుంట పోవాలె,
పిల్లి పాలగిన్నె మీద వంగినట్టు.
చేతులు దిగకముందే తల దిగాలె.
ఛాతిని ఒత్తు. లేపుడు నీళ్ల పని, నీది కాదు."

నేను బాయిల ఈత నేర్చినదాన్ని.
పర్కాల దిక్కు మా మేనమామ ఊరు,
నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి తోసేసిండ్రు.
అక్కడ ఈతంటే మునగకుంట ఉండుడు.
ఇక్కడ, ఎప్పుడు మునగాల్నో తెలుసుడు.

పది రోజులు గడిచినయి.
భుజాలు ఎత్తి జడ వేసుకోనీకి కూడ రాలె.
నా దుప్పటి నిండ జండూబామ్ వాసన.

కొత్తవాడల మా ఇల్లు, నడిమింట్ల గుంట మగ్గం.
బాపు గుంటల కాళ్లు దించి కూసుంటడు,
నడుము దాక భూమి, ఆపైన మనిషి.
జంపఖానా నేస్తుంటె చిన్నప్పటిసంది చూసిన,
కాళ్లను మాత్రం ఎన్నడూ చూడలె.
ఆ రాత్రి కరెంటు పోయింది.
కింద తాడేదో తెగితె
ఫోన్ లైటు గుంటలకు పట్టమన్నడు.
ముడేసి, మళ్ల నేసుడు మొదలువెట్టిండు.
అప్పుడు చూసిన.
పోగు లోపలికి పోతుంటె ఒక తొక్కుడు,
పంజా దిగి లేస్తుంటె ఇంకొకటి.
రెండోది చిన్నది. చప్పుడు గూడ రాదు.
అది లేకుంటె
తర్వాతి పోగుకు తొవ్వ తెరుచుకోదు.

"బాపూ, ఆ రెండోది ఎట్ల తొక్కుతవ్?"
"ఏ రెండోది?"
ముప్పై ఏండ్లసంది తొక్కుతున్న కాలు,
దానికి ఈ సంగతి తెల్వనే తెల్వదు.
"లైటు సక్కగ పట్టు" అన్నడు.

తెల్లారి
చేతులు నీళ్లల్లకు పోయేటప్పుడు ఒకటి,
తొడల పక్కనుంచి బయటికొచ్చేటప్పుడు ఒకటి, చిన్నది.
ఇరవై కాడ మర్చిపోయిన.
యాదికొచ్చింది.
మళ్ల మర్చిపోయిన, నీళ్లు మింగిన,
ముక్కు లోపల మిరపపొడి చల్లినట్టయింది.
ముప్పై ఐదు కాడ ఒక్కసారి, ఒక్కటంటె ఒక్కసారి
భుజాలను అడగకుండనే చేతులు లేచినయి.
తడి బోరెం కాదది.
ఏందో చెప్పరాదు, అంతల్నే అయిపోయింది.

రెండు చేతులతోని గోడ పట్టుకున్న.
సార్ గడియారం చూసిండు.
"నలభై ఒకటి. నిన్నటంతే."
నా మొకం చూసి అడిగిండు:
"చేతులు లెక్కవెట్టినవా?"
లేదు.
"నిన్న ముప్పై ఒకటి. ఇయ్యాల ఇరవై ఏడు."
ప్యాంటు దులుపుకొని చిన్నపిల్లల లేన్ దిక్కు పోయిండు,
ఎవడో థర్మాకోల్ బోర్డు కొరుకుతున్నడని.

ఆ నాలుగు ఏ కాడ మిగిలినయో
తెల్వక, అద్దాలు కడుక్కొని,
ఇంకో యాభైకి గోడను తన్నిన.