ఏటి చేప

"ఏటి చేప?" అని అడిగాను.
"ఏటి సేపే" అంది దాలమ్మ.
మా శ్రీకాకుళంలో ఏటి అంటే ఏమిటి,
ఏటి అంటే ఏరు తాలూకు.
ప్రశ్నా జవాబూ ఒకే నీళ్లలో ఈదుతాయి,
తోక ఆడించే తీరులోనే తేడా.

నాగావళి వంతెన దిగువన, తెల్లారగట్ల,
ఆమె గంప బోర్లించింది.
గోనెపట్టా మీద తడి చిల్లర.
నా కంటికి అన్నీ పరిగెలే.
ఆమె వేళ్లు మాత్రం ఆగకుండా పంచుతున్నాయి:
మీసాల్లేనివి ఇటు,
సన్నమీసం చేదుపరిగెలు అటు,
మొప్ప వెనక ఒకటి, తోక మొదట ఒకటి
రెండు చుక్కలు పెట్టుకున్న పొట్టివి
మనవరాలి గాజుసీసాలోకి.
"ఒక్కింటిపేరోల్లు బావూ,
అందుకే ఈటికి పెల్లిల్లు కుదరవు."

ముప్పై ఒక్క ఏళ్లు కాలేజీ లాబ్‌లో
సీసాలు తుడిచాను నేను.
ఫార్మలిన్ కళ్లు మండిస్తుంటే
గోడవతలి పాఠం విని నేర్చుకున్నదే నా చదువు.
మొదట ఒకటే చేప, అనేవారు మేష్టారు.
నోరు పైకి తిరిగినదానికి పైనీరు దక్కింది,
కిందికి వంగినదానికి బురద,
తిన్నగా ఉన్నది నడిమి నీట్లో నిలిచిపోయింది.
బొచ్చె, మోసు, శీలావతి,
ఎవరి కంచంలో ఎవరూ చెయ్యి పెట్టకుండా
వేరు కుంపట్లు పెట్టుకున్నాయి.
పంపకం కాగితం లేదు, పెద్దమనుషుల్లేరు.
ఎన్ని వానాకాలాలు పట్టిందో చెప్పేలోపు
రోజూ గంట కొట్టేసేవారు.
ఆ అంకె నాకిప్పటికీ తెలీదు.
ఏళ్లు మారితే చేప మారుతుందన్నారు.
ఏళ్లంటే సంవత్సరాలో నదులో
నేను అడగలేదు.

నాగావళీ వంశధారా
రెండూ ఒడిశా కొండల్లోనే పుట్టాయి.
ఒకటి కళ్లేపల్లి దగ్గర, ఒకటి కళింగపట్నం దగ్గర
సముద్రంలో పడ్డాయి.
మనకి బస్సులో గంట.
ఉప్పెరగని మొప్పలకి
ఆ కాస్త మెట్టే ఏడు సముద్రాలు.

తిత్లీ తుఫాను రాత్రి కిటికీ రెక్క ఊడి
సీసాల చీటీలన్నీ నానిపోయాయి.
పేర్లు నీలిమరకలై కారాయి.
రిటైరయ్యేటప్పుడు ఒక్క సీసా అడిగి తెచ్చుకున్నాను.
అందులో పరిగె, ఉద్యోగంలో నాకంటే సీనియర్,
ఏ ఏటిదో చెప్పేవాళ్లు లేరు.
ఇవాళ సంచిలోంచి తీసి దాలమ్మకిచ్చాను.
దీపం దగ్గర ఒకసారి తిప్పింది.
"మాది కాదు. వంశధారోల్లది."
ఎలా చెప్పగలవు?
"నువ్వు నరసన్నపేటోడివని నాకెవలు సెప్పినారు?
మాట తిరిగే సోటు తెలీదేటి?"
చచ్చి నలభై ఏళ్లైన చేప
నోరు తెరిచే ఉంది.
ఆ నోట్లో యాస ఎక్కడ విందో!
తప్పే అయుండొచ్చు.
సరిచూద్దామంటే మేష్టారు లేరు.

హిరమండలం నుంచి కాలవ తవ్వుతున్నారు,
ఆ నీళ్లు తెచ్చి ఈ నీళ్లలో కలపడానికి.
ఏదో ఒక వానాకాలం గేటెత్తుతారు.
ఎర్రనీళ్లలో కొట్టుకొస్తారు
ముఖాలు మరిచిపోయిన దాయాదులు.
చుక్కలు చూసుకుంటారు, మీసాలు చూసుకుంటారు.
కొన్ని జతకడతాయేమో,
కొన్ని మొహం తిప్పుకుంటాయేమో.
పుట్టిన పిల్లకి చుక్క ఎక్కడ పడుతుందో
ఏ సీసా చీటీలోనూ రాసిలేదు.

"కలిస్తే ఏటవుతాది?" అన్నాను,
నాకు తెలీకుండానే ఆమె యాసలో.
చేతిలోంచి జారుతున్న బొమ్మిడాయిని
బూడిదలో పొర్లించి పట్టుకుంది దాలమ్మ.
"బేరమాడతావా, సీసా సూపిస్తావా?
పావుకిలో యాభై."

ఇంటికొచ్చి కొత్త చీటీ అంటించాను.
సిరాని నమ్మక, పెన్సిల్‌తో రాశాను:
ఏటి చేప
చివర ప్రశ్నగుర్తు పెట్టాలా వద్దా అని
పులుసు మరిగేదాకా
పెన్సిల్ పట్టుకునే కూర్చున్నాను.