గ్యారేజీలో రెండోది

లైబ్రరీలో పుస్తకాలే కాదు, మీటర్లూ అరువిస్తారని
బల్లరాట్‌కి వచ్చిన మూడో ఏడు తెలిసింది.
గుప్పెట్లో పట్టేంత తెల్లడబ్బా.
గోడకీ ప్లగ్గుకీ మధ్య దూర్చాలి,
మూడు వారాల్లో తిరిగివ్వాలి.

అద్దె కాగితంలో ఉంది: కరెంటు బిల్లులో సగం నాది.
నాకున్నది ఒక గది, ఒక దీపం,
అన్నం వండుకునే బుల్లి కుక్కరు,
వంటింటి ఫ్రిజ్‌లో కిందనుంచి రెండో అర.
జనవరి బిల్లు చూసి గతుక్కుమన్నాను.
అప్పుడు గుర్తొచ్చింది,
నైట్ డ్యూటీ దిగి సైకిలు లోపల పెడుతున్నప్పుడల్లా
గ్యారేజీ మూల ఎవరో గురకపెట్టడం.

తేనెరంగు తలుపు, వంగిన హేండిలు,
ఎండిన పెదవిలా పగిలిన రబ్బరు.
పైన రేకులు. బయట నలభై ఒకటి.
పట్టుకున్నంత చల్లదనాన్నీ పగుళ్ళలోంచి జారవిడిచి
మళ్ళీ పట్టుకోడానికి
వణికిపోతూ పరిగెడుతోంది.

మా పెద్దమ్మకీ ఉండేది ఒకటి,
నర్సీపట్నంలో మా వీధికంతా మొదటిది.
తాళంచెవి కొంగుకి.
రాత్రి తొమ్మిది కొట్టగానే స్విచ్చి తీసేసి
"అదీ నిద్దరోవాలి గదే" అనేది.
తెల్లారేసరికి కింద మడుగు,
గోనెపట్టాతో తుడిచే వంతు నాది.
చుట్టాలొస్తే మాత్రం
తెల్లవార్లూ నడిచేది, మా పరువులాగే.

ఒక పగలూ ఒక రాత్రీ కొలిచాను.
మూడు పాయింట్ ఒకటి యూనిట్లు.
యూనిట్టు ముప్ఫై ఒక్క సెంట్లు.
రోజుకి డాలరుకి నాలుగు సెంట్లు తక్కువ,
ఏడాది పొడుగునా ఇలాగే కాస్తే మూడువందల యాభై.
అందులో నా సగం
ముసలివాళ్ళ హోములో ఆరుగంటల పై చిల్లర:
పద్నాలుగు పక్కల దుప్పట్లు, రెండు స్నానాలు,
టీ చల్లారిపోయిందని ఒక తిట్టు.

బిల్లు వెనక లెక్క రాసి,
బాత్రూం అద్దం ముందు రెండుసార్లు అప్పజెప్పుకుని
వెర్నా ముందు పెట్టాను.
కళ్ళజోడు వెతుక్కుంది. చదివింది. ఈల వేసింది.
"రా" అని గ్యారేజీలోకి నడిచింది.

తలుపు తీస్తే, రెండు బీరు సీసాలు.
ఒక ఐస్‌క్రీం డబ్బా, మూతమీద నల్లసిరాతో:
"వెర్నా, ఇది తినేది కాదు."
చేపల ఎర. నాలుగేళ్ళనాటిది.
లెస్ పోయింది కూడా నాలుగేళ్ళ క్రితమే.
అన్నం పెట్టిన చేతికి అడగడం చేతకాక
నేను రబ్బరు వంక చూస్తున్నాను.
"మూడువందల యాభయ్యా?" అంది వెర్నా,
"బతికున్నప్పుడు ఇంతకంటే ఎక్కువే తాగేవాడులే."
నా పెన్ను లాక్కుని అద్దె కాగితం మీద రాసింది,
గ్యారేజీలోది నాది అని.
తలుపు మూసి మోకాలితో ఒక పోటు పొడిచింది,
లేకపోతే పడదట.

జూలైలో మీటరు మళ్ళీ తెచ్చాను.
ఎందుకో అడిగితే చెప్పలేను. లెక్క నాది కాదిప్పుడు.
గడ్డి మీద తెల్లగా మంచు,
సైకిలు బ్రేకులు పట్టుకుంటే వేళ్ళు అంటుకుపోయే చలి.
తెల్లారుజాము నాలుగింటికి
గౌను మీద లెస్ కోటు తొడుక్కుని
టార్చిలైటుతో నిలబడి ఉంది వెర్నా.
తలుపు మీద అరచెయ్యి ఆనించి
"చప్పుడు లేదు. పోయిందా?" అంది.

హోములో రోజూ వినే ప్రశ్నే,
అక్కడ నా దగ్గర జవాబుండదు.
వంగి మీటరు చూశాను.
సున్నా పాయింట్ మూడు.
లోపలికంటే బయటే చల్లగా ఉంది,
ఇక దానికేం పని.
"నిద్దరోతోంది" అన్నాను,
"ఇవాళ్టికి తొమ్మిది సెంట్లయింది."

సరేనని తల ఊపింది గానీ
టార్చి ఆర్పలేదు.
ఇద్దరం కాసేపు అక్కడే నిలబడ్డాం,
అది ఒక్కసారన్నా కదులుతుందేమోనని.