విడిచి వెళ్ళుటకు కారణం

టీసీలో ఆ గడి ఒక్కటే ఖాళీ.
సన్యాసిరావు గారు పెన్ను మూత తీసి
"ఏటి రాయమంటావమ్మా?" అన్నారు.
ఫ్యాను గాలికి రిజిస్టరు లేవకుండా
ఏదో షిప్పింగు కంపెనీ ఇచ్చిన గాజు తాబేలు
దాని మీద కూర్చునుంది.

రెండేళ్ళు ఈ కమ్యూనిటీ కాలేజీలో
రొయ్య తల తీయడం, నరం లాగడం,
మైనస్ పద్దెనిమిది దగ్గర ఏది ఎన్నాళ్ళు ఆగుతుందో
లెక్క కట్టడం నేర్చుకున్నాను.
ఇంకొక్క సెమిస్టరు ఆగితే
తెల్ల టోపీ, గంబూట్లు, నెలకి పదకొండు వేలు.
నేనేమో యూనివర్సిటీలో
మత అధ్యయనాల డిగ్రీకి సీటు తెచ్చుకున్నాను.

"మతాలా?"
పెన్ను మూత మళ్ళీ పడింది.
"సిమ్మాచలం ఎల్తే సరిపోదా?
దానికీ ఫీజు కట్టాలా?"

అక్కడా ఒక కౌంటరు, అక్కడా గడుల కాగితం.
నా క్రెడిట్లు ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూశారు,
పూర్ణా మార్కెట్లో మొప్ప ఎత్తి చూసినట్టు.
తెలుగు చెల్లింది. ఇంగ్లీషు చెల్లింది.
పర్యావరణం సగం చెల్లింది.
శీతలీకరణ, ప్యాకింగు, ఎగుమతి నియమాలు
పక్క తట్టలోకి.
నలభైలో పదహారు మిగిలాయి.
పోనీ.
ఎంత పారేస్తే ఎంత మిగులుతుందో
రొయ్యలు ఒలిచిన చేతికి ఒకరు చెప్పాలా.

ఇంటర్వ్యూలో ఒక మేడమ్,
కళ్ళజోడు గొలుసుకి వేలాడుతూ,
"ఈ సబ్జెక్టే ఎందుకు?" అన్నారు.
రాత్రంతా బట్టీ పట్టిన జవాబొకటి ఉంది,
సర్వమత సామరస్యం అని మొదలయ్యేది.
నోరు తెరిస్తే అది రాలేదు.
వాయుగుండం వచ్చింది.

నేను ఐదో తరగతిలో ఉన్నాను.
నాన్నెక్కిన బోటు మూడు రాత్రులు కనపడలేదు.
అమ్మ దర్గా కొండ ఎక్కి చాదరు మొక్కింది,
రాస్ హిల్ ఎక్కి కొవ్వొత్తులు మొక్కింది,
పెదవాల్తేరు నడిచెళ్ళి
పోలమాంబకి మేకపోతు మొక్కింది.
నాలుగో పొద్దున నాన్న
ఎవరిదో చొక్కా వేసుకుని
పూడిమడక బస్సు దిగాడు.

ఎవరు తెచ్చారో ఎవరూ చెప్పలేదు.
పూనకంలో నరసమ్మ పిన్ని "నానే తెచ్చినాను" అంది.
మర్నాడడిగితే "ఏటన్నాను?" అంది.
అమ్మ ముగ్గురికీ వాయిదాల మీద కట్టింది.
ముందెవరికి కట్టాలో తెలీక
ఏడాదిపాటు నిద్రలో వేళ్ళు లెక్కపెట్టేది.

మేడమ్, అసలు సంగతి అది కాదు.
అదే బోటులో గరికిన దాసు రాలేదు.
దాసు పెళ్ళాం కూడా ఎక్కింది ఆ కొండలన్నీ,
అమ్మ పక్కనే, అమ్మకంటే నాలుగు మెట్లు ముందు.
అవే కొవ్వొత్తులు, అవే మాటలు.
మనిషి రానప్పుడు
ఆ మొక్కు చెల్లినట్టా, చెల్లనట్టా?
ఆవిడ బాకీ ఉందా?
ఆవిడకే ఎవరన్నా బాకీ ఉన్నారా?
మా పేటలో ఇది అడిగితే నోరు మూస్తారు.
ఇక్కడ అడగొచ్చేమోనని.

ఆవిడ ఏదీ రాసుకోలేదు.
"ఆమె పేరేంటి?" అన్నారు.

పన్నెండేళ్ళుగా మూడిళ్ళవతల ఉంటుంది.
దాసు పెళ్ళాం అనే విన్నాను,
దాసు పెళ్ళాం అనే పిలిచాను.

"పేరు కనుక్కుని రా.
సోమవారం నుంచి క్లాసులు."

"పై చదువులకి అనే రాసీండి సార్" అన్నాను.
ఆయన గుండ్రటి అక్షరాలతో రాసి, ఊది,
నడవడి పక్కన "తృప్తికరం" అని కలిపి,
తాబేలుని పక్కకి జరిపి స్టాంపు కొట్టారు.

జాలరిపేటలో బస్సు దిగేసరికి ఎండ వాలింది.
ఇసకలో వల పరిచి, దాని మీద సావళ్ళు,
వెండి బెల్టుల్లాగ, బారులు బారులు.
ఆవిడ గొంతుక్కూర్చుని కాకుల్ని తోలుతోంది.
చెప్పులిప్పి పక్కన నిలబడ్డాను.
కాగితం చంకలో చెమటకి మెత్తబడింది.

"అప్పా, నీ పేరేటి?"

తలెత్తి చూసింది,
నా మొహం, నా కాగితం.
"ఇన్నాళ్ళకా? ఎందుకే గుంటా?"

చెప్పబోతే చెయ్యడ్డం పెట్టింది.
"ముందు అటేపు వరస తిరగెయ్.
చెప్తాను."