డ్రైన్ పైపు

ఫర్వానియాలో ఏసీలు విప్పడం నా పని.
డ్రైన్ పైపులో వేలు పెడితే
చల్లగా, జారుడుగా, నానిన సబ్జాగింజల్లా తగులుతుంది.
మందు పోస్తే పైపైన పోతుంది.
పది రోజులకు మళ్లీ గదిలో చుక్క, చుక్క.

కెజియా చెవి కూడా అంతే.
గులాబీరంగు సీసా ఇది ఆరోది.
తగ్గిందనుకున్న వారానికే
అర్ధరాత్రి జ్వరం, దిండుకి చెవి అదుముకుని ఏడుపు.
పిలిస్తే పలకదు, పొగరంది టీచరు.
నేనూ ఒకసారి చెయ్యి చేసుకున్నాను.
ఏ వైపు చెంపో గుర్తు లేదు.

ఈజిప్టు డాక్టరు బొమ్మ గీశాడు.
క్రిములు జిగురు అల్లుకుని
దాని కింద కాపురం పెడతాయట.
మందు గడపలోనే ఆగిపోతుందట.
సమజైందా అన్నాడు వచ్చీరాని హిందీలో.
నాకు కాకపోతే ఎవరికవుతుంది సారూ,
నా గోళ్ల సందుల్లో ఉందది.

సగ్గుబియ్యం గింజకన్నా చిన్న గొట్టం
చెవి పొరలో బిగించారు.
ఎన్ని ఇళ్లకు బిగించానో పైపులు,
ఈ ఒక్కదాని బిల్లుకి
ఫోర్‌మన్ కోయా దగ్గర చెయ్యి చాపాను.

ఆ రాత్రి మంచం మీద లేచి కూర్చుంది.
"నాన్నా, మన ఏసీ ఎందుకిట్లా అరుస్తోంది?"

నా చేత్తో బిగించిందది.
చప్పుడే చెయ్యదని అందరికీ చెప్పేవాణ్ణి.
ఆపబోతే
వద్దంది.