ఒక్క గంట కోసం

జూన్ నెల. తోతాపురి కాలం.
చిత్తూరు దాటినాక పుత్తూరు దోవలో
గుజ్జు ఫ్యాక్టరీ ముందు లారీలు బారులు తీరి
పులిసిన తీపి వాసనలో కునుకుతున్నాయి.

గేటు దగ్గర దొరసామి.
చేతిలో టార్చి, చెవి సందున పెన్ను.
బంగారుపాళ్యం బండా? పాసు చూపించు.
పాసు లేదా? పక్కన నిలుపు.
టీకి బయటికెళ్ళిన డ్రైవరు తిరిగొస్తే మాత్రం
ముఖం చూసి వదిలేస్తాడు:
"ఇందాక నేను పంపినోడే కదబ్బా."

మేడ మీద ఏసీ గదిలో నా గేటు.
పచ్చ దీపాలు మిణుకుమనే ఇనప డబ్బా,
జానెడెత్తు, జీతం లేని కాపలా.
లోపలివాళ్ళు అడిగినదానికి జవాబొస్తే రానిస్తుంది.
పిలవని పేరంటానికి వచ్చినదాన్ని గడప తొక్కనివ్వదు.
పొమ్మని కూడా అనదు. పలకదు, అంతే.
తట్టినవాడికి అక్కడ ఇల్లుందో లేదో తెలియదు.

ఈ రాత్రి లాగ్ తెరిచాను.
ఊరూ పేరూ లేని అంకెలు
ఇరవై రెండో తలుపునూ
మూడువేల మూడువందల ఎనభై తొమ్మిదో తలుపునూ
సెకనుకు నాలుగుసార్లు తడుతున్నాయి.
కోపం లేదు వాటికి, విసుగూ లేదు.
గుజ్జుకు ఈగలొచ్చినట్టు.

నియమాల పట్టీ పైనుంచి కిందికి చదివాను.
డబ్బా కూడా అలాగే చదువుతుంది,
ముందు ఏది కుదిరితే అదే తీర్పు.
అట్టడుగున ఒకటే మాట: మిగతా ఎవరికీ లేదు.
దాన్ని నమ్ముకునే ఇన్నాళ్ళూ నిద్రపోయాను.

పద్నాలుగో వరుస దగ్గర వేలు ఆగింది.
ఎవరైనా, ఎక్కడినుంచైనా, బాయిలరు కంప్యూటరుకి: అనుమతి.
పక్కన నేను రాసిందే:
"కోయంబత్తూరు మెకానిక్ కోసం. ఒక్క గంట. సాయంత్రం తీసేయాలి."
రెండేళ్ళ కిందటి మే నెల.

ఏ సాయంత్రమో అది.
కంటైనరు కదల్లేదని మేనేజరు అరుస్తూ ఉంటాడు,
పీలేరు బస్సు వెళ్ళిపోతూ ఉంటుంది.

ఆ దారిన వచ్చినవి, పదకొండు.
మెకానిక్ వచ్చింది ఒకసారి.

మూసేశాను.
కింద బాయిలరు మామూలుగానే బుసకొడుతోంది.
మామూలుగా ఉండటమే నాకు భయమేసింది.
పొద్దున్నే ఈ పదింటి గురించి చెప్పుకోవాలి, నా నోటితోనే.

దిగివెళ్ళి అడిగాను,
"దొరసామీ, ఎప్పుడన్నా గేటు మూయడం మరిచినావా?"
బీడీ నలిపి పారేశాడు.
"మరిచినా మేడమ్. అందుకే రేత్రి రెండుకు లేచి
అన్ని తలుపులూ తోసి చూస్తా.
మూసినట్టు బాగా గుర్తుండేటివి ముందు."

మెట్లెక్కాను.
మొదటి వరుస. తోశాను. గట్టిగానే ఉంది.
రెండో వరుస.