జెండా ఎత్తితేనే ఆగే రేవు

ఆ మ్యాపు మడిచెయ్యండి, గాలికి చిరుగుతుంది.
ఏ ఊళ్లో దిగాలో నేను చెప్తాను.
ఇరవై ఆరేళ్లుగా ఈ ఫియోర్డ్ పడవలో
టికెట్లు చింపిన చెయ్యి ఇది.

ముందు హెస్ట్‌విక్ వస్తుంది.
ఫొటోల్లో మీరు చూసిన ఊరు.
ఎర్ర చెక్క ఇళ్లు, తెల్ల చర్చి, వెనకాల జలపాతం.
పెద్ద ఓడలు వచ్చిన రోజు
ఊళ్లోవాళ్ల కన్నా ఐస్‌క్రీం తినేవాళ్లే ఎక్కువ.
దిగండి, తప్పులేదు.
బేకరీ వెనక సందులో యోరున్
ఉన్ని చేతితొడుగులు అమ్ముతుంది.
బేరమాడకండి, ఆవిడకి చెవుడు,
బేరం వరకూ.

తర్వాత ఉర్దాల్.
నవంబరులో సూర్యుడు కొండ చాటుకి పోతే
మళ్లీ ఫిబ్రవరిలోనే మొహం చూపించేది.
ఆ రోజు బడిపిల్లలంతా బయటికి ఉరికి
గోడమీద అరచేతి వెడల్పు ఎండని
వంతులవారీగా తాకుతారు.
ఒక ఏడాది, తన వంతు వచ్చేసరికి
ఎండ జారిపోయిందని
ఒక పిల్లాడు ఈ బెంచీమీదే వెక్కివెక్కి ఏడ్చాడు.
వాడే ఎయిలిఫ్. ఇప్పుడు ఈ పడవ నడిపేది వాడే.
ఇప్పటికీ కాస్త ఎండ పడితే చాలు,
స్టీరింగు వదలకుండానే అటు జరుగుతాడు.

ఇక ఆ రాతి కొస కింద, అదిగో,
పాచిపట్టిన నాలుగు మెట్లు, ఒక కర్ర.
స్కార్‌నెస్. మీ మ్యాపులో ఉండదు.
కర్రకి తెల్లగుడ్డ ఎత్తితేనే పడవ ఆగేది.
పైన ఒక్కతే ఉండేది గున్‌వోర్,
పదకొండు మేకలతో.
ప్రతి గురువారం గుడ్డ ఎగిరేది.
ఎక్కేవాళ్లెవరూ ఉండేవారు కాదు.
బెల్లం రంగు చీజు ముక్క నా చేతిలో పెట్టి
"ఒడ్‌లౌగ్, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు?" అని అడిగేది.
నేను చెప్పేదాన్ని.
పడవ ఎనిమిది నిమిషాలు ఆలస్యం,
పాత కెప్టెన్ తిట్లు అదనం.

కంపెనీ నుంచి కాగితం వచ్చింది:
ప్రయాణికులు ఉంటేనే ఆపాలి.
ఆ గురువారం గున్‌వోర్
చర్చి కోటు తొడుక్కుని మెట్లమీద నిలబడింది.
టికెట్ కొంది, రానూ పోనూ.
మీరు ఇంత దూరం వచ్చింది దేనికోసమో
ఆ నీళ్లకీ కొండలకీ వీపు పెట్టి,
పడవలో మనుషుల మొహాలు
ఒక్కొక్కటే చూస్తూ కూర్చుంది.
ఒక పసివాడు ఆవలిస్తే తనూ ఆవలించింది.
కొసదాకా వెళ్లి, దిగకుండానే తిరిగొచ్చింది.

అలా తొమ్మిదేళ్లు.
ఇప్పుడు మేకలు ఎవరివో నాకు తెలీదు.
కర్ర దగ్గరికి రాగానే ఎయిలిఫ్ వేగం తగ్గిస్తాడు,
నేనేమీ అనను.

అక్టోబరులో సొరంగం తెరుస్తారు.
కొండ కడుపులోంచి నాలుగు నిమిషాలు, అంతే.
మంచిదే, చలికాలంలో పురిటినొప్పులు
పడవ కోసం ఆగవు కదా.

ఏ ఊరో ఇంకా తేల్చుకోలేదా?
అయితే దిగకండి. ఇలా కూర్చోండి,
ఇటు తిరిగి, కిటికీకి వీపు పెట్టి.
ఏదీ, ముందు టికెట్ ఇవ్వండి.